నేను వెళ్ళని మొలీజే తీరం

మొన్న ఆదివారం మోరిస్‌విల్‌లో అన్నయ్య వాళ్ళింట్లో పప్పుచారుతో సుష్టుగా భోంచేసి, సోఫాలో నడుం వాల్చి, కునుకుకీ మెలకువకీ మధ్య ఉండే ఆ ఉత్తమమైన ప్రదేశంలో ఉండగా, అన్నయ్య కూతురు ఒక పెద్ద తెల్ల అట్టా గుప్పెడు రంగు పెన్నులూ తెచ్చి నా పొట్ట మీద పరిచింది. బళ్ళో ప్రాజెక్టట. యూరప్‌లో ఎవరికీ అంతగా తెలియని ప్రాంతం ఒకటి ఎంచుకుని, పటం గీసి, అక్కడి నదులూ కొండలూ మనుషులూ తిండీ అన్నిటి గురించీ క్లాసులో చెప్పాలట. దీనికి వాళ్ళ పిన్ని ఉండే చోటు గుర్తొచ్చింది.

"బాబాయ్, మామ్ చెప్పింది, నీకు మొలీజే మొత్తం తెలుసు అని. హెల్ప్ చేస్తావా?"

వంటింట్లో డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. వదిన చెవులు ఇటు పెట్టిందని అర్థమైంది. నేను లేచి కూర్చుని పెన్ను తీసుకున్నాను. ఇటలీ ఒక బూటు అనుకుంటే, వెనకవైపు మడమకి పైన ముల్లులా పొడుచుకొచ్చిన భాగం గార్గానో, దానికి కాస్త పైన పిక్క మీద వేలి గోరంత చోటు మొలీజే. పైన త్రిన్యో నది, మధ్యలో బిఫెర్నో నది, కింద సచ్చోనే అనే వాగు, కొండల మీంచి దిగి మూడూ ఏడ్రియాటిక్ సముద్రంలో కలుస్తాయి. తీరం మీద ఉన్న ఊళ్ళు ఒక చేతి వేళ్ళకి సరిపోవు, వేళ్ళే మిగులుతాయి. గీస్తూ పోయాను. ఎక్కడా ఫోన్ తీసి చూడలేదు.

"వావ్. నువ్వు ఎప్పుడు వెళ్ళావ్ అక్కడికి?"

"వెళ్ళలేదురా."

"ఒక్కసారి కూడా? దెన్ హౌ డూ యూ నో?"

"గూగుల్," అన్నాను. ఆ జవాబు చాలే తరం అది. సరేనని రంగులు వేసుకోవడంలో పడింది. వంటింట్లో గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది, మునుపటికన్నా కాస్త మెల్లగా.

ఇది చదివేవాళ్ళలో నాతో పాటు అవే విమానాల్లో, అవే రెండు సూట్‌కేసుల్లో, అదే మూడు లీటర్ల కుక్కర్ పెట్టుకుని దిగినవాళ్ళు కొందరైనా ఉంటారు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. నలభై దాటకుండానే జ్ఞాపకాలు రాయడం ఏమిటని మీరు నవ్వరు. వీసా మీద బతికే ఏళ్ళకి కుక్కల వయసు లెక్క వర్తిస్తుందని మీకూ తెలుసు.

ఆ రోజుల్లో నేను అన్నయ్య ఇంట్లోనే గ్యారేజ్ మీది గదిలో ఉండేవాణ్ణి. అన్నయ్యకి జీవితంలో రెండు గట్టి నమ్మకాలు. ప్రపంచంలో ప్రతి వస్తువుకీ ఎక్కడో ఒక కూపన్ ఉండి తీరుతుందన్నది మొదటిది. తమ్ముడికి బయట సంబంధాలు చూడటం శుద్ధ దండగన్నది రెండోది. వదినది చీరాల. ఆవిడ చెల్లెలు, అంటే వరసకి నా మరదలు, ఎం.ఎస్. చేయడానికి రాలీ వచ్చి శనాదివారాలు అక్క ఇంటికి వచ్చేది. మన దగ్గర వరస కుదిరిన ఇద్దరు ఒక బల్ల దగ్గర కూర్చుని ఉప్మా తింటే చాలు, చూసేవాళ్ళకి పెళ్ళిపీటలు కనిపిస్తాయి. పాట్‌లక్‌కి వచ్చిన ఆంటీలందరూ ప్లేటు చేతిలో పట్టుకుని, ఇంట్లో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం ఎందుకు నాయనా అని నన్నూ, అక్క కూడా ఇక్కడే ఉంది కదా ఇంకేం కావాలమ్మా అని ఆమెనూ అడిగేవారు. అంతమందికి అంత సదుపాయంగా ఉండే ప్రేమలో పడటం మా ఇద్దరికీ నామోషీగా ఉండేది. అందుకే చాలాకాలం పడకుండా జాగ్రత్తపడ్డాం.

ఆమె చదువు కూడా విచిత్రమైనది. మా వాళ్ళందరూ డేటాబేసుల్లో మునిగితే ఆమె సముద్రం ఒడ్డు ఏటా ఎంత మేర కొట్టుకుపోతోందో కొలిచే పని నేర్చుకుంది. చీరాల ఓడరేవు దగ్గర పెరిగిన పిల్ల, అలలంటే భయం లేదు. నేను పల్నాటివాణ్ణి, మా వైపు నీళ్ళు నిలబడి కనిపిస్తే ఫోటో తీసుకుంటాం. వాళ్ళ ప్రొఫెసర్ పని మీద నార్త్ కరొలైనా తీరానికి వెళ్ళేటప్పుడు కొలతకర్ర పట్టుకునే మనిషి కావాలని నన్ను తీసుకెళ్ళేది. చలిగాలిలో మోకాలిలోతు నీళ్ళలో కర్ర పట్టుకుని నిలబడితే, దూరం నుంచి కేకేసేది.

"బావా, నిటారుగా. నువ్వు వంగితే అమెరికా ఒక అడుగు పెరుగుతుంది."

"పెరగనీ. మన గ్రీన్‌కార్డ్ క్యూకి చోటు సరిపోతుంది."

అలా పట్టుకుని పట్టుకుని ఎప్పుడో వంగిపోయాను. ఎప్పుడని అడిగితే చెప్పలేను. తిరిగి వచ్చే దారిలో ఆమె కారులో నిద్రపోతూ తల అద్దానికేసి కొట్టుకుంటుంటే, గుంతలు తప్పించి నడపడం మొదలుపెట్టిన రోజే అయ్యుంటుంది. ఇద్దరికీ తెలిసింది. ఇంట్లో చెప్పగానే అన్నయ్య ఆనందించలేదు సరికదా, ఇందులో కొత్తేముందన్నట్టు చూసి, నిశ్చితార్థానికి హాలు ఎక్కడ చవగ్గా వస్తుందో చూడటం మొదలుపెట్టాడు.

ఆ తరువాతిది మీకు తెలిసిన కథే. హెచ్-వన్ లాటరీలో ఆమె పేరు రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. ఆ పై ఏడు కూడా రాకపోయేసరికి చదువు తర్వాత పని చేసుకోవడానికి ఇచ్చిన గడువు దగ్గరపడింది. ఇంట్లో రోజూ సభలు జరిగేవి. ఇంకో మాస్టర్స్ చేయమని అన్నయ్య, కెనడా వెళ్ళమని వదిన, తొందరగా పెళ్ళి చేసుకుని డిపెండెంట్ వీసాకి మారిపోతే సరి అని ఫోన్లో పెద్దవాళ్ళు. ఆ చివరిది ఆమెకి నచ్చలేదు. "పెళ్ళి చేసుకుంటాను బావా, కానీ నిన్ను చేసుకుంటాను, నీ వీసాని కాదు" అంది. ఆ మాటకి గుండె నిండిపోయి, నేనేదో గంభీరంగా అనబోయి, నా వీసా కూడా ఒంటరిదే పాపం అన్నాను. నా నోటికి ఎప్పుడూ అంతే. గుండె ఒక దారిలో పోతే అది ఇంకో దారి పడుతుంది.

అప్పుడు వచ్చింది మొలీజే. అక్కడి తీరం కోతనూ కొండచరియల కదలికనూ గమనించే ఒక చిన్న పరిశోధనశాలలో తాత్కాలికమైన ఉద్యోగం. వార్త విని అన్నయ్య ల్యాప్‌టాప్ తెరిచాడు, చాలాసేపు వెతికాడు. "రోమ్ తెలుసు, వెనిస్ తెలుసు, ఈ మొలీజే ఏంటమ్మా? అసలు ఉందా ఇది?" అన్నాడు. తమాషా ఏమిటంటే ఇటలీ వాళ్ళే ఆ మాట అంటారట. మొలీజే లేనే లేదని వాళ్ళకో పాతజోకు. పైనున్న అబ్రుజ్జోతో కలిసి ఒకే ప్రాంతంగా ఉండి, తరువాత విడిపోయి చిన్నదైపోయింది. ఆ సంగతి ఆమె చెప్పగానే, తెలంగాణ నుంచి వచ్చిన మా పక్కింటి స్నేహితుడు, అయితే రాజధాని ఎవరికి పోయింది అని ఠక్కున అడిగాడు.

ఆమె వెళ్ళిపోయాక నాకు రోజూ మధ్యాహ్నం ఒక అలవాటు పట్టుకుంది. లంచ్ టైములో ఆఫీస్ పార్కింగ్‌లో కారులో కూర్చుని డబ్బాలో పెరుగన్నం తింటూ ఉంటే అక్కడ సాయంత్రమయ్యేది. ఆమె పని ముగించుకుని తెర్మోలీ రేవు గట్టు మీద నడుస్తూ ఫోన్ చేసేది. వీడియో పెట్టి ఒకవైపు తిప్పేది. అలా ఆ తీరం నాకు ముక్కలు ముక్కలుగా వచ్చి చేరింది.

తెర్మోలీ పాత ఊరు సముద్రంలోకి మూతిలా పొడుచుకొచ్చిన రాతి మీద ఉంటుంది. చుట్టూ గోడ, ఒక పక్క బొమ్మరిల్లులా నలుచదరపు కోట, లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి తగ్గాల్సినంత ఇరుకు సందులు. గోడ కిందుగా నీళ్ళ మీద కర్రల కాళ్ళతో నిలబడ్డ పాత చేపలవేట మంచెలు ఉంటాయి. వాటిని త్రబుక్కీ అంటారు. మంచె మీంచి దుప్పటంత వలను తాళ్ళతో నీళ్ళలోకి దించి, చక్రం తిప్పి పైకి లేపుతారు. పడవ ఎక్కకుండా, కాలు తడవకుండా చేపలు పట్టే పద్ధతి. ఇది కనిపెట్టినవాడు కచ్చితంగా పల్నాటివాడేనని నేను వాదించేవాణ్ణి.

చలికాలం పొద్దున్నే గట్టు చివరికి వెళ్ళి నిలబడితే ఉత్తరాన మయెల్లా కొండ మీద మంచు, దక్షిణాన గార్గానో నీలంగా, ఎదురుగా ఆకాశం తేటగా ఉంటే త్రెమితి దీవులు. కాలి కింద ఇసుక, కళ్ళ ముందు మంచు. రెండూ ఒకే చూపులో కనిపించే చోటు మనకి లేదు బావా అనేది. రైలుపట్టాలు సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతాయి. "పెస్కారాలో ఎక్కితే ఎడమవైపు కూర్చో. కుడివైపు కూర్చున్నవాళ్ళు టికెట్ డబ్బులు వేస్ట్ చేసుకున్నట్టే," అని నేను రైలెక్కబోతున్నట్టే చెప్పేది. నేనూ ఎక్కబోతున్నట్టే వినేవాణ్ణి.

కొండల మీంచి గొర్రెల మందలు చలికాలానికి దక్షిణపు మైదానాలకి దిగే పాతదారులు కొన్ని ఆ ప్రాంతం మీంచే పోతాయి. పచ్చగడ్డి మొలిచిన ఆ బాటలు మన హైవేలంత వెడల్పు. ఇప్పుడు మందలు లేవు, బాటలు మిగిలాయి. మనుషులు మాత్రం తగ్గిపోతున్నారు. కుర్రాళ్ళు మిలానోకో, జర్మనీకో, పూర్వం అయితే అమెరికాకో పోయి, సాయంత్రం బెంచీల మీద ముసలివాళ్ళే మిగులుతారు. వాళ్ళు ఆమెని చూసి మొదటి వారమంతా ఊరుకుని, రెండో వారం ఎవరమ్మాయివి అని అడిగారట. ఎవరమ్మాయివి అని అడిగే ఊరు దొరికిందని ఆమె పొంగిపోయింది. కాంపొమరీనో వైపు ఎప్పుడో సముద్రం దాటి వచ్చిన అల్బేనియా వాళ్ళ సంతతి ఉంది. లోపల కొండల్లో క్రొయేషియా నుంచి వచ్చినవాళ్ళ పల్లెలు ఉన్నాయి. వందల ఏళ్ళయినా ఇంట్లో పాతభాష మాట్లాడుకుంటారట. వాళ్ళకి వీసా స్టాంపింగ్ ఎక్కడ అయ్యేదో అడిగి కనుక్కోమన్నాను.

తిండి విషయంలో ఆమెకీ ఆ ఊరికీ పెద్ద తగాదా. అక్కడ రకరకాల చేపలు టమాటా, పచ్చి క్యాప్సికంతో కలిపి మట్టిపాత్రలో ఉడికిస్తారు. చింతపండు వేయడం మరిచిపోయిన చేపలపులుసు అని ఆమె తీర్పు. వదిన పంపిన చింతపండు కాస్త వేసి ఇంటి యజమానురాలికి రుచి చూపిస్తే, ఆవిడ చెంచా కింద పెట్టి శిలువ గుర్తు వేసుకుందట.

ఆమె అసలు పని మాత్రం పెతచ్చాతో అనే ఊరి మీద. సముద్రానికి ఎదురుగా గుట్ట మీద ఉండే ఊరు. ఆ గుట్ట మొత్తం ఇళ్ళతో సహా మెల్లగా సముద్రం వైపు జారుతోంది. ఏళ్ళ తరబడి కదలకుండా ఊరుకుని, పెద్ద వానలు పడ్డాక ఒక్కసారి కదిలి, కింద రైలుపట్టాలనీ రోడ్డునీ పక్కకి నెట్టేస్తుంది. గోడలకి పగుళ్ళు వస్తే జనం సున్నం వేసుకుని ఉండిపోతారు తప్ప ఊరు వదలరు. ఆ మాట ఆమె ఇష్టంగా చెప్పేది. పగుళ్ళ మీద అంత ప్రేమ చూపించే అమ్మాయితో కాపురం నిలుస్తుందని నాకూ ధైర్యంగా ఉండేది.

రెండేళ్ళు గడిచాయి. అప్పుడు ఆమెకి ఉద్యోగం శాశ్వతం చేస్తామన్నారు. వేసవి చివరికల్లా ఔనో కాదో చెప్పాలి. ఆ మధ్యాహ్నం ఆమె నవ్వలేదు.

"బావా, ఒక్కసారి వచ్చి చూడు. ఇక్కడ నువ్వు ఉండగలవా లేదా చూసి చెప్పు. ఉండలేనంటే సంతకం పెట్టను, ఇండియా వెళ్ళిపోదాం ఇద్దరం. నాకు ఏదైనా ఓకే. కానీ ఫోన్లో చెప్పకు. వచ్చి చూసి చెప్పు."

అడిగింది అదొక్కటే. కథల్లో రాకుమారి కూడా వరుణ్ణి ఇంతకన్నా కష్టమైనదే అడుగుతుంది. కాని మన సంగతి మీకు తెలుసు. నా పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు ఎప్పుడో అయిపోయింది. కాగితాల మీద ఇక్కడ ఉండొచ్చు, పని చేయొచ్చు. దేశం దాటి బయటికి వెళితే మాత్రం ఏదో ఒక కాన్సులేట్‌లో కొత్త స్టాంపు కొట్టించుకుంటేగాని తిరిగి రాలేం. అందువల్ల ప్లాన్ పేకమేడలా కట్టాల్సి వచ్చింది. ముందు యూరప్ వీసా. తరువాత ఇటలీలో ఒక వారం. అక్కణ్ణుంచి హైదరాబాద్, స్టాంపింగ్, తిరిగి మోరిస్‌విల్. స్టాంపింగ్ డేట్ కోసం నెలల తరబడి పొద్దున్నే లేచి వెబ్‌సైట్ రిఫ్రెష్ చేశాను. దేవుణ్ణి అంత శ్రద్ధగా కొలిస్తే ఈపాటికి నాకే గుడి కట్టేవారు.

డేట్ దొరికింది. టికెట్ పని అన్నయ్య తీసుకున్నాడు. డీల్స్‌లో అతన్ని మించినవాడు మూడు కౌంటీల్లో లేడు. రాలీ నుంచి లండన్, లండన్ నుంచి రోమ్. ఎవరికీ దొరకని ధర, పైగా ఒకటే మార్పు. ఆ స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టుకుని వారం రోజులు మురిసిపోయాడు. వదిన సూట్‌కేసులో కందిపొడి, గోంగూర పచ్చడి, చెల్లికి ఒక చీర పెట్టింది. పెద్దవాళ్ళు ముహూర్తాలు చూడటం మొదలుపెట్టారు. నేను ఇటాలియన్‌లో మూడు వాక్యాలు నేర్చుకున్నాను, మూడూ క్షమాపణలే.

ఎయిర్‌పోర్ట్‌కి అందరం వెళ్ళాం. కౌంటర్‌లో అమ్మాయి నా పాస్‌పోర్టు పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పింది. యూరప్ వీసా చూసింది, అయిపోయిన అమెరికా స్టాంపు చూసింది, ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడింది. తరువాత చాలా మర్యాదగా చెప్పింది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు లండన్‌లో విమానం మారాలన్నా ట్రాన్సిట్ వీసా ఉండాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మినహాయింపు. నాది చెల్లదు. ఎక్కనివ్వలేం.

అన్నయ్య ముందుకు తోసుకొచ్చాడు. "మేడమ్, హీ ఈజ్ నాట్ ఈవెన్ గోయింగ్ అవుట్‌సైడ్. జస్ట్ కూర్చుంటాడు అక్కడ." కంగారులో సగం తెలుగులో అనేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. లండన్‌లో కూర్చోవడానికి కూడా అర్హత కావాలని ఆ రోజు తెలిసింది.

నేను పక్కకి వచ్చి ఫోన్ చేశాను. అక్కడ బాగా పొద్దుపోయింది. సంగతి చెప్పాను.

"పోనీలే బావా. ఇంట్లోనే ఉన్నాను, పడుకోబోతున్నా. రేపు చూద్దాం."

"అన్నయ్యకి సన్మానం చేయాలి, ఎక్కడ పెట్టిద్దాం?" అన్నాను. ఆమె నవ్వింది. ఇంటికి వచ్చేటప్పుడు కారులో అన్నయ్య స్టీరింగ్ పట్టుకుని ఏడుస్తున్నాడని గ్రహించి, గోంగూర వాసన కళ్ళలోకి కొట్టినట్టుంది అన్నయ్యా అన్నాను. వదిన ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. నేనేం చేశానని అడగలేదు నేను.

రెండు రోజుల తరువాతి విమానం ఒకటి, న్యూయార్క్ నుంచి నేరుగా రోమ్‌కి, చూసి పెట్టుకున్నాను. స్టాంపింగ్ డేట్ ముందు ఇంకా కొన్ని రోజులు మిగులుతాయి. ఒక్కరోజు చూసినా చూసినట్టే. టికెట్ కొనబోతున్న పొద్దున ఆఫీస్ నుంచి మీటింగ్ పిలుపు వచ్చింది. సెలవులో ఉన్నవాణ్ణి పిలిచారంటే ప్రమోషన్ కాదు కదా. మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఆ క్షణం నుంచి రెండు నెలల్లో వేరే ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. బయటికి వెళితే ఏ ఉద్యోగం పేరు చెప్పి స్టాంపు కొట్టించుకుంటాను? లాయర్ ఒక్క వాక్యమే అన్నాడు: ఇప్పుడు గడప దాటొద్దు.

ఇక్కణ్ణుంచి నా అదృష్టం మొదలైంది. అదృష్టమని నేననలేదు, అందరూ అన్నారు. విమానం ఎక్కి ఉంటే ఇటలీలో ఉండగా ఉద్యోగం పోయేది, స్టాంపింగ్ లేదు, రాకపోకలు లేవు, కారూ అపార్ట్‌మెంటూ క్రెడిట్ కార్డూ అన్నీ ఇక్కడ, మనిషి అక్కడ. కమ్మింగ్ అనే ఊరి నుంచి ఒక అంకుల్ ప్రత్యేకం ఫోన్ చేసి, "దేవుడే ఆ కౌంటర్‌లో అమ్మాయి రూపంలో కూర్చున్నాడయ్యా, నీ అదృష్టం మామూలుది కాదు" అన్నాడు. దేవుడు యూనిఫారమ్‌లో బాగున్నాడండీ అన్నాను. చివరికి వదిన సత్యనారాయణ వ్రతం పెట్టింది. చుట్టుపక్కల తెలుగువాళ్ళందరూ వచ్చారు. ప్రసాదం చేతిలో పెట్టుకుని ఒక్కొక్కరూ నా భుజం తట్టి, ఎంత గండం తప్పిందో అంటుంటే, తప్పిన గండం ఏడ్రియాటిక్ ఒడ్డున కూర్చుని నా జవాబు కోసం చూస్తోందని నేనెవరికీ చెప్పలేదు. వదినకి తెలుసు. కథ చెబుతున్నంతసేపూ ఆవిడ పీటల మీద తల వంచుకునే ఉంది. పక్కన అన్నయ్య.

గడువు ముగియబోయే ముందు ఉద్యోగం దొరికింది. గ్రీన్‌కార్డ్ కాగితాలు కొత్త కంపెనీలో మళ్ళీ మొదటినుంచి. అవి ఒక దశకి వచ్చేదాకా కదలొద్దన్నారు. వేసవి చివరి రోజుల్లో ఆమె ఫోన్ చేసింది. పార్కింగ్ మారింది గాని పెరుగన్నం మారలేదు.

"ఇంకా ఎన్ని నెలలు బావా?"

"ఏడాదన్నారు. వాళ్ళ ఏడాదంటే తెలుసుగా."

"నేనూ అడిగాను, ఇంకొన్నాళ్ళు ఆగమని. ఆగరట." గట్టు మీద నడక ఆపింది. "చూడకుండా చెప్పొద్దన్నాను నేనే. ఇప్పుడు చూడకుండానే చెప్పు."

చూడకుండా ఔనంటే, ఇక్కడ ఉన్నదంతా వదిలి, భాష తెలియని ఊళ్ళో, నా పని లేని చోట కూర్చుని ఆమె మీద ఆధారపడాలి. కాదంటే, ఆమె తనకి దొరికిన ఒకే ఒక్క చోటు నా కోసం వదులుకుని హైదరాబాద్‌లో ఏదో ఆఫీసులో తెర ముందు కూర్చోవాలి. అప్పటికి ఆ గట్టు మీద ఆమె నడక ఎలా ఉంటుందో చూసి ఉన్నాను. ఎవరమ్మాయివి అని అడిగిన ముసలివాళ్ళని ఆమె ఎలా పేరు పెట్టి పలకరిస్తుందో విని ఉన్నాను. సంతకం పెట్టెయ్యి అన్నాను.

"మరి నువ్వు?"

"నేనెక్కడికి పోతాను? ఎక్కడికీ పోలేకపోవడమే కదా నా సమస్య."

ఆమె చాలాసేపు నవ్వింది. నవ్వు ఎక్కడ ఆగిపోయి ఇంకొకటి ఎక్కడ మొదలైందో ఫోన్లో తెలియదు. ఆ తరువాత ఫోన్లు వారానికోసారి, నెలకోసారి, పండక్కోసారి అయ్యాయి. తగాదా లేదు, శపథాలు లేవు. పెద్దవాళ్ళు కొన్నాళ్ళు రంకెలేసి, అలసిపోయి ఊరుకున్నారు. కొన్నేళ్ళకి ఆమె అక్కడి బడిపంతులు ఒకాయన్ని చేసుకుంది. పెళ్ళి వీడియోలో చూశాం. పట్టుచీర కట్టుకున్న పెళ్ళికూతురి పక్కన అతను పంచె జారిపోతుందేమోనని ఒక చేత్తో నడుం పట్టుకునే నిలబడ్డాడు. మంచివాడని అప్పుడే అనిపించింది, అదొక ఇబ్బంది.

పోయిన వేసవిలో వాళ్ళు కూతురిని తీసుకుని మోరిస్‌విల్ వచ్చారు. అందరం కలిసి విల్మింగ్టన్ దగ్గర బీచ్‌కి వెళ్ళాం. కూలర్లూ గొడుగులూ పులిహోర డబ్బాలూ మోసుకుంటూ ఇసుకలో నడుస్తుంటే అతను వచ్చి నా చేతిలో బరువు అందుకున్నాడు. భార్య మునుపు నన్ను ఎలా పిలిచేదో అలాగే పిలవాలని అతని అభిప్రాయం. నన్ను బావా అన్నాడు. ఆమె మాత్రం నన్ను బావగారూ అని, మీరు అని పిలుస్తోంది ఈమధ్య. అట్లాంటిక్ నీళ్ళలో తండ్రీకూతుళ్ళు గెంతుతుంటే గొడుగు కింద మేమిద్దరం కాసేపు మిగిలిపోయాం. అలవాటు చొప్పున ఆమె ఇసుక పిడికిట్లోకి తీసుకుని చూసి, ఇది ఇక్కడి ఇసుక కాదు, ఎక్కణ్ణుంచో తోడి తెచ్చి పోశారు అంది. తరువాత పులిహోర డబ్బా మూత తీసి, తినకుండా పట్టుకుని కూర్చుంది.

"అప్పుడు నేను ఇంట్లో లేను బావా."

ఎప్పుడని అడగాల్సిన పని లేకపోయింది.

"రోమ్‌లో ఉన్నాను. ముందురోజే బస్సెక్కి వచ్చేశాను. నువ్వు బయటికి రాగానే ఎదురుగా ఉందామని. పులిహోర కూడా చేసుకొచ్చాను, ఇంగ్లీషు విమానంలో నీకేం పెడతారని. నువ్వు ఫోన్ చేసినప్పుడు హాస్టల్‌లో మంచం మీద కూర్చుని ఉన్నా." నీళ్ళవైపు చూస్తూ చెబుతోంది. "మర్నాడు వెనక్కి వెళ్ళేటప్పుడు బస్సులో ఒక్కదాన్నే తిన్నా. బాగా కుదిరింది కూడా."

ఇలాంటి చోట నా నోరు తన పని తాను చేసుకుపోతుందని ఇన్నేళ్ళూ నమ్మాను. ఆ పూట అది పనిచేయలేదు. ఉప్పు సరిపోయిందా అన్నాను. సరిపోయింది అంది. అంతలో కూతురు పరుగెత్తుకుంటూ వచ్చి తడి చేతులతో ఆమె మెడ చుట్టేసింది. చీకటి పడకముందే ఇంటికి చేరాలని అందరం లేచాం.

మన బ్యాచ్‌వాళ్ళకి ప్రపంచపటంలో ఒకప్పుడు రెండే దేశాలుండేవి: ఉన్న దేశం, స్టాంపింగ్ దేశం. తక్కినవన్నీ ట్రాన్సిట్. ఇప్పుడు కుర్రాళ్ళు టికెట్ కొనే ముందే ఏ ఊళ్ళో విమానం మారితే ఏ కాగితం కావాలో ఫోన్లో చూసుకుంటున్నారు, మంచిదే. నాకూ ఆ తరువాత స్టాంపు పడింది. ఐస్‌లాండ్ చూశాను, పోర్చుగల్ చూశాను, పనేమీ లేకపోయినా లండన్‌లో నాలుగు గంటలు దర్జాగా కూర్చున్నాను. రోమ్‌కి కూడా విమానాలు వారం పొడుగునా ఉన్నాయి, సీట్లూ ఉంటాయి. ఎవరూ ఆపరు. దిగి బయటికి వస్తే టాక్సీవాళ్ళు ఉంటారు, పేర్లు రాసిన అట్టలు పట్టుకున్నవాళ్ళు ఉంటారు. నేను వస్తున్నానని ముందురోజే బస్సెక్కి వచ్చి నిలబడే మనిషి ఉండదు, అంతే.